మీట ఎవరి చేతిలో నున్నది?

మహానందిలో రాత్రి విడిది చేసిన యొక యాత్రికుని ఊహించుకొనుడు. నంద్యాలలో బస్సు మారి, నల్లమల కొండల నీడనున్న ఆ క్షేత్రమునకు ప్రొద్దు గ్రుంకువేళకు చేరినాడు. కోనేటిలో స్నానము, స్వామి దర్శనము ముగిసినవి. దారి పొడవున పాటలు వినిపించిన తీగలేని చిన్న హెడ్‌ఫోనులను వాని డబ్బాలో నుంచి, డబ్బాను కరెంటుకు తగిలించి, సెల్‌ఫోనును ప్రక్కన పెట్టుకొని సత్రములో నిద్రించినాడు. తెల్లవారి చెవిలో పెట్టుకొనునప్పటికి ఆ యంత్రము నిన్నటి యంత్రము కాదు. రూపము అదే, రంగు అదే, పైకము చెల్లించిన రసీదు అదే. లోపల పనిచేయు ఆజ్ఞలు మాత్రము మారినవి. ఎవరు మార్చిరి? వేల మైళ్ల దూరమున నున్న తయారీ సంస్థ. ఎప్పుడు? ఆయన నిద్రలో నున్నప్పుడు. అడిగి మార్చిరా? పెక్కు సందర్భములలో లేదు.

ఈ మార్పునకు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ అను పేరు వాడుకలోనికి వచ్చినది. యంత్రమును తయారు చేయునప్పుడే దాని జ్ఞాపకములో నిక్షేపించిన ఆజ్ఞల మూట ఫర్మ్‌వేర్. దానిని తీసి క్రొత్త మూటను పెట్టుట అప్‌డేట్. మన గోడగడియారమును అమ్మిన వర్తకుడు రాత్రివేళ ఇంటికి వచ్చి, దానిని విప్పి, పండ్లచక్రములను మార్చి, మరల మూసిపోయినచో మన మూరకుందుమా? "మునుపటికంటె మంచి చక్రములే వేసితిని" అని ఆయన చెప్పినను, తలుపు ఎవరి నడిగి తీసితివి అనునదే గదా మన మొదటి ప్రశ్న! చెవి యంత్రముల విషయమున ఆ ప్రశ్న అడుగువారు ఇంకను తక్కువ. ప్రశ్న మాత్రము క్రొత్తది కాదు. ధ్వనిని ఇంటింటికి పంపుట ఆరంభమైన నాటినుండియు పంపువానికిని వినువానికిని నడుమ ఒక చిన్న మీటను గూర్చిన పెనుగులాట సాగుచునే యున్నది. పంపువారి పక్షమున ఉద్యోగము చేయుచున్నవాడను గనుక ఆ కథ నాకు కొంత దగ్గరగా కనుపించును.

మొదట మీట పూర్తిగా వినువానిదే. అమెరికాలోని యూటా రాష్ట్రమున నతానియేల్ బాల్డ్విన్ అను నాతడు 1910 ప్రాంతమున తన వంటయింటిలో హెడ్‌ఫోనులను చేసి ఆ దేశపు నౌకాదళమునకు అమ్మినాడు. అటుపిమ్మట వచ్చిన స్ఫటికపు రేడియోలకు లౌడ్‌స్పీకరును కదలించు బలము లేదు; కావున వినుటకు హెడ్‌ఫోనే శరణ్యము. సీసపు ఖనిజపు ముక్కమీద సన్నని తీగ మొనను ఆనించి, ఏ చోట ధ్వని స్పష్టముగా పలుకునో వ్రేళ్లతో వెదకుకొనవలెను. ఇంగ్లీషువారు ఆ తీగను పిల్లిమీస మనిరి. బ్యాటరీ లేదు, కరెంటు లేదు, మరమ్మతు చేయువాడు లేడు, యజమానియే పనివాడు. అట్టి పెట్టెల కాలముననే, 1924లో, సి.వి. కృష్ణస్వామి చెట్టిగారు మున్నగువారు స్థాపించిన మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు ప్రసారములు మొదలైనవి. క్లబ్బు మూడేండ్లకే ధనాభావముచే ఆగినది. 1930లో మద్రాసు నగరపాలక సంస్థ ఆ పనిని చేపట్టినది.

ప్రభుత్వము చూచుచు ఊరకుండలేదు. 1927లో బొంబాయి, కలకత్తాలలో క్రమబద్ధమైన ప్రసారములు ఆరంభమగునప్పటికే ఏడాదికి 10 రూపాయల లైసెన్సు రుసుము ఏర్పడినది. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము లైసెన్సు లేకుండ రేడియో పెట్టెను దగ్గర నుంచుకొనుటయే నేరమైనది. తపాలా కార్యాలయమునకు పోయి లైసెన్సు పుస్తకములో ముద్ర వేయించుకొని వచ్చిన పెద్దలు మన యిండ్లలో నేటికిని కలరు. 1980లలో ఆ పద్ధతి తొలగిపోయినది. ఆ కట్టుబాటు కఠినమే. అయినను దాని కొక హద్దు కలదు. ఫలానా యింట పెట్టె యున్నదని ప్రభుత్వమునకు తెలియును. ఆ పెట్టె ఈ రాత్రి ఏ కేంద్రమును పలుకుచున్నదో తెలియదు. రుసుము గడపదాక వచ్చినది గాని పెట్టెలోనికి పోలేదు.

తాళము వేసిన మీట మన దేశమున మొదట పల్లెలలో కనుపించినది. 1930లలో గ్రామ ప్రసార ప్రయోగములు జరిగినవి. మార్కోనీ సంస్థ ఎరువిచ్చిన పరికరములతో 1935లో పెషావరు ప్రాంతమునను, తరువాత ఢిల్లీ పరిసర గ్రామములలోను పెట్టెలు వెలసినవి. అవి పట్టణపు గృహస్థుని పెట్టెలవంటివి కావు. వాని శ్రుతిని ఒకే కేంద్రమునకు ముందుగనే బిగించియుంచిరి. గడియారముతో కూడిన మీట సాయంకాలము నిర్ణీత సమయమునకు పెట్టెను తనంతట పలికించి, సమయము తీరగానే ఆపివేయును. లోపలి భాగమునకు తాళము. బ్యాటరీ నీరసించినచో పట్టణమునుండి మోటారు బండి రావలెను. ఊరివారు చేయదగినది కూర్చుండి వినుట ఒక్కటే.

దీనికి చెప్పిన కారణములు అబద్ధములు కావు. పల్లెలలో కరెంటు లేదు. బ్యాటరీ వ్యర్థమైన దానిని తెచ్చుట కష్టము. తెలియని చేయి త్రిప్పినచో శ్రుతి చెడును. చెడినదానిని సరిదిద్దువాడు ఇరువది మైళ్ల దూరమున నుండును. ఇవన్నియు నిజమే. ఇవి గాక చెప్పని కారణ మొకటి యుండెను. మీట చేతి కిచ్చినచో పల్లెవాడు మరి యెవరి మాట వినునో యన్న శంక. యుద్ధకాలమున బెర్లిను, టోక్యోల నుండి వచ్చిన ప్రసారములు పాలకుల కెంత తలనొప్పి యైనవో అందరెరుగుదురు. జర్మనీలో హిట్లరు ప్రభుత్వము 1933లో చౌక రేడియో పెట్టెలను ఇంటింటికి చేర్చి, 1939 సెప్టెంబరులో పరదేశ ప్రసారములు వినుట నేరమని శాసించినది. అచట తాళము పెట్టెకు గాక వినువానికే పడినది.

తాళము వేసిన పెట్టెతో పంపువానికి గలుగు నష్టము వేరొకటి కలదు. దానిని మావంటివారము ఒప్పుకొనవలెను. విసుగు పుట్టినవాడు మీట త్రిప్పలేనప్పుడు, విసుగు పుట్టినదని పంపువానికి తెలియదు. పెట్టె పలుకుచున్నది గనుక జనము వినుచున్నారని లెక్క వ్రాసుకొనును.

స్వాతంత్ర్యానంతరము పంచాయతీ రేడియోలు విస్తారముగా వచ్చినవి. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రము, 1963లో కడప కేంద్రము వెలసినవి. కడప వారి 900 కిలోహెర్ట్‌జుల ప్రసారము చిరకాలము సీమ పల్లెలకు ఇంటిగొంతువలె నుండెను. 1954 నుండి కేంద్ర ప్రభుత్వము రాష్ట్రములకు సహాయద్రవ్య మిచ్చి గ్రామముల పెట్టెల సంఖ్యను పెంచినది. 1956లో పూనా కేంద్రము యునెస్కో తోడ్పాటుతో 150 గ్రామములలో నడపిన రైతుగోష్ఠుల ప్రయోగము ఇందు ముఖ్యమైనది. అచట రైతులు ప్రసంగము విని, తమలో తాము చర్చించి, ప్రశ్నలను కేంద్రమునకు వ్రాసి పంపిరి. మీట లేనివానికి తపాలా కార్డు దొరకినదన్న మాట. ఆ ఫలితమును బట్టియే 1959లో ఆ పద్ధతిని దేశమంతట వ్యాపింపజేసిరి.

మీటయొక్క శక్తి సంపూర్ణముగా వెల్లడి యైనది మరియొక సందర్భమున. 1952లో బి.వి. కేస్కరుగారు సమాచార ప్రసారశాఖ మంత్రి యైరి. ఆయన శాస్త్రీయ సంగీత మర్మజ్ఞుడు. జాతీయ సంగీత కార్యక్రమము, ఆకాశవాణి సంగీత సమ్మేళనము ఆ కాలముననే రూపొందినవి. వానివలన మన విద్వాంసులకు దేశవ్యాప్తమైన శ్రోతలు లభించిరి. ఇది మరువరాని ఉపకారము. ఆ మంత్రిగారికే సినిమా పాటలయందు చులకన. వానికి కేటాయించిన కాలమును కుదించిరి. చిత్రముల పేర్లు చెప్పుటను గూర్చి నిర్మాతలతో వివాదము వచ్చినది. తుదకు ఆకాశవాణిలో సినిమా పాట వినుట అరుదైపోయినది.

శ్రోతలు ఏమి చేసిరి? సభలు పెట్టలేదు, మహజరులు పంపలేదు. మీట త్రిప్పిరి. యుద్ధకాలపు బలమైన ట్రాన్స్‌మిటర్లు గల రేడియో సిలోన్ హిందీ పాటలను, తెలుగు పాటలను కోరినంత వినిపించుచుండెను. అమీన్ సయానీగారి బినాకా గీతమాల ఉత్తర దేశమునెల్ల ఆకర్షించినది. తెలుగు పాటలకై సిలోను పెట్టుకొనిన యిండ్లలో మీనాక్షి పొన్నుదురై గొంతు పరిచయమైనది. కాఫీ హోటలులో, దర్జీ అంగడిలో, పెండ్లింటి అరుగుమీద పెట్టె ముల్లు సిలోనుమీదనే నిలిచినది. ఇంతమంది చేతులు ఒకే దిక్కునకు తిరిగిన పిమ్మట ఢిల్లీ చెవికి వినబడక తప్పలేదు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైనది. పాట తిరిగి వచ్చినది. శాస్త్రీయ సంగీతమును ఎక్కడికి పోలేదు.

ఇచట పాఠకులు ఒక్క క్షణము ఆగి యోచింపవలెను. ఆనాటి పెట్టెలలో నేటివలె ఫర్మ్‌వేర్ యుండి, దానిని దూరమునుండి మార్చు వీలు ఎవరికైన నుండినచో ఏమి జరిగియుండును? ఒక రాత్రి దేశములోని పెట్టెలన్నియు సిలోను తరంగములను పట్టుకొను శక్తిని కోల్పోయియుండును. "శ్రవణానుభవమును మెరుగుపరచితిమి" అని యొక పంక్తి ప్రకటన వెలువడియుండును. వివిధభారతి పుట్టియుండునని నేను నమ్మను.

పుచ్చుకొనువాడు వద్దనుట, ఇచ్చువాడు దిగివచ్చుట మన సీమకు రేడియోతో వచ్చిన సంగతులు కావు. నంద్యాల ప్రాంతము మీదుగా పోవు కర్నూలు కడప కాలువ చరిత్రను చూడుడు. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ, పెట్టుబడికి నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము పూచీపడగా, సుంకేసులవద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, కడప దాక సుమారు 190 మైళ్ల కాలువను 1871 నాటికి ముగించినది. కరవు సీమలో నీరు వచ్చినచో రైతు ఎగబడునని కంపెనీ అంచనా. కాని నల్లరేగడిలో వాన తేమతోనే జొన్నయు ప్రత్తియు పండించుకొనుచున్న రైతు, నీటితీరువ చెల్లించి ఆ నేలను తడుపుటకు ముందుకు రాలేదు. 1876-78 కరవులో గిరాకి పెరిగినది. వానలు పడగానే తగ్గినది. 1882లో ప్రభుత్వము కాలువను కొనివేసినది. రైతుది మొండితనమని ఆనాటి దొరలు కొందరు తలచిరి. తన నేలను తానెరిగిన వాని నిర్ణయమని నా తలపు. తన మడి గట్టును తెరచుటయు మూయుటయు రైతు చేతిలో నుండుటచేతనే కంపెనీ లెక్క తప్పినదని లోకమునకు తెలిసినది.

రేడియోలో మరియొక పెద్ద మార్పు 1978 నవంబరు 23న జరిగినది. 1975 నాటి జెనీవా ఒడంబడిక ననుసరించి మధ్యతరంగ కేంద్రములు తమ స్థానములను 9 కిలోహెర్ట్‌జుల ఎడముతో సవరించుకొనినవి. మన దేశపు కేంద్రములనేకము కొంచెము జరిగినవి. ఒక్కరి యింటిలోని పెట్టెను ఎవరును ముట్టలేదు. గృహస్థుడు ముల్లును ఒక వెంట్రుకవాసి జరిపినాడు, పని తీరినది. పంపువాడు తన వైపు మార్చుకొనెను, వినువాడు తన వైపు మార్చుకొనెను.

ఆ యేడే నేటి మన సమస్యకు బీజము పడినది. కలకత్తానుండి అమెరికాకు పోయిన స్వాతంత్ర్య యోధుడు నొనీ గోపాల్ బోసు కుమారుడైన అమర్ బోసు, 1978లో జ్యూరిక్ నుండి బోస్టనుకు విమానములో పోవుచు హెడ్‌ఫోను పెట్టుకొనెను. ఇంజను హోరులో సంగీతము వినబడలేదు. హోరును హోరుతోనే అణచవచ్చునా యని ఆయన కాగితముమీద లెక్క వేయ నారంభించెను. బయటి ధ్వనిని చిన్న మైక్రోఫోను గ్రహించును. దాని తరంగము మిట్టయైన చోట పల్లమును, పల్లమైన చోట మిట్టయు నుండునట్లు ఎదురు తరంగమును యంత్రము పుట్టించును. రెండును చెవివద్ద కలిసి చల్లారును. 1989లో ఆయన సంస్థ విమానచోదకులకు ఇట్టి హెడ్‌ఫోనులను అమ్మకమునకు తెచ్చినది. నేటి యంత్రములలో ఈ ఎదురు తరంగమును గోరంత చిప్పు అనుక్షణము లెక్కించుచుండును. ఆ లెక్క సూత్రము ఫర్మ్‌వేరులో నుండును. సూత్రము మారినచో నిశ్శబ్దము మారును.

తీగ ఉన్నంతకాలము హెడ్‌ఫోను అమాయకమైన వస్తువు. తీగలో వచ్చినదానిని పలుకును, అంతే. 1994లో స్వీడను దేశపు ఎరిక్సన్ సంస్థలో మొదలైన పరిశోధన బ్లూటూత్‌గా పరిణమించినది. పదవ శతాబ్దపు డెన్మార్కు రాజు హెరాల్డు బిరుదమే దానికి పేరు. 2016లో ఆపిల్ సంస్థ తన ఫోనునుండి హెడ్‌ఫోను రంధ్రమును తీసివేసి, ఆ డిసెంబరులో ఎయిర్‌పాడ్స్ అను తీగలేని జంటను అమ్మినది. తక్కిన సంస్థలు చాలవరకు ఆ దారిని పట్టినవి. తీగ పోగానే చెవిలోనికి రేడియో వచ్చినది, బ్యాటరీ వచ్చినది, జ్ఞాపకము వచ్చినది, లెక్కలు వేయు చిప్పు వచ్చినది. ఆజ్ఞలున్నచోట తప్పులుండును, తప్పులున్నచోట దిద్దుబాటు కావలెను. ఇది సహజమే. దిద్దుబాటు వచ్చు విధమును ఆపిల్ తన సహాయ పత్రములో చెప్పుచున్నది: యంత్రము చార్జింగులో నుండి, ఇంటర్నెట్టు గల ఫోను సమీపమున నున్నచో అప్‌డేట్ తనంతట వచ్చి చేరును. సత్రములో నిద్రించిన మన యాత్రికునికి జరిగినది ఇదే.

అప్‌డేట్ అన్నంతనే అపకార మనుకొనరాదు. 2024 సెప్టెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిచ్చిన పిమ్మట, అంతకు ముందే జనము కొనియున్న ఎయిర్‌పాడ్స్ ప్రో రెండవ తరము యంత్రములకు వినికిడి సహాయ యంత్రముగా పనిచేయు శక్తి అప్‌డేటువలన లభించినది. కొంచెము చెముడుగల వృద్ధునికి వేలకొలది రూపాయలు మిగిలించు సంగతి ఇది. మరియొక ఉదాహరణము దీనికంటె ముఖ్యమైనది. 2025 జూనులో జర్మనీ పరిశోధకులు, ఐరోహా అను సంస్థ చిప్పులు వాడిన అనేక ప్రసిద్ధ హెడ్‌ఫోనులలో లోపములున్నవని వెల్లడించిరి. దగ్గరలో నున్న నేర్పరియైన దుష్టుడు అనుమతి లేకుండ యంత్రముతో సంబంధము పెట్టుకొని, దాని జ్ఞాపకమును చదువవచ్చును. కొన్ని సందర్భములలో మాటలను ఆలకింపవచ్చును. ఇట్టి లోపమునకు మందు క్రొత్త ఫర్మ్‌వేర్ ఒక్కటే. "నాకు ఏ మార్పును వలదు" అని కూర్చున్నవాడు తన చెవిలో పరుల చెవిని పెట్టుకొని తిరుగును.

రెండవ వైపు చూతము. 2009 జూలైలో అమెజాన్ సంస్థ, అమ్మకపు హక్కు లేనివారు అమ్మిరను కారణముతో, జార్జి ఆర్వెల్ నవలల ప్రతులను పాఠకుల కిండిల్ యంత్రములనుండి దూరమునుండియే తుడిచివేసినది. పైకము తిరిగి యిచ్చినది, క్షమాపణ చెప్పినది. అయినను కొన్న పుస్తకము ఇంటి అలమారునుండి అదృశ్యము కాగలదని లోకమునకు అపుడే తెలిసినది. 2019లో బోసు సంస్థవారి క్వయట్‌కంఫర్ట్ 35 రెండవ మాదిరి హెడ్‌ఫోనులు గల పలువురు, ఒక అప్‌డేట్ తరువాత నిశ్శబ్దశక్తి సన్నగిల్లినదని మొరపెట్టిరి. సంస్థ విచారణ జరిపి, కొందరి యిండ్లకు తన మనుష్యులను పంపి పరీక్షింపజేసి, శక్తి తగ్గలేదని 2020లో నివేదిక ప్రకటించినది. అదే కాలమున ఎయిర్‌పాడ్స్ ప్రోకు వచ్చిన యొక అప్‌డేట్ తరువాత బయటి హోరును ఆపు శక్తి కొంత తగ్గినట్లు కెనడాలోని ఆర్టింగ్స్ పరీక్షాశాల కొలిచి చెప్పినది. 2024 మేలో సోనోస్ సంస్థ తన యాప్‌ను క్రొత్తగా మార్చగా, అలారము మున్నగు పాత సౌకర్యములు కొన్ని మాయమైనవి. అధిపతి ప్యాట్రిక్ స్పెన్స్ బహిరంగముగా క్షమాపణ కోరి, 2025 జనవరిలో పదవి వదలినాడు.

బోసు వారి వ్యవహారమున ఎవరిది నిజమని తీర్పు చెప్పుట నా పని కాదు. నాకు తోచునది వేరు. చెవి జ్ఞాపకము మోసకారి. నిన్నటి నిశ్శబ్దమును నేటి నిశ్శబ్దముతో పోల్చుట ఎవరి తరమును కాదు. పాత ఆజ్ఞల మూటను వెనుకకు తెచ్చుకొని, రెండింటిని ఒకే గదిలో విని చూచు వీలు ప్రతి యజమానికిని సులభముగా నుండినచో ఆ వివాదము ఒక సాయంకాలమున తీరియుండును. ఆ వీలు కొరవడుటచేతనే కొన్నవానికి అనుమానము, అమ్మినవానికి అపనింద మిగులుచున్నవి. తాళము వేసిన గ్రామపు పెట్టెవలన పంపువానికి గల్గిన నష్టమే ఇచటను కలుగుచున్నది.

తనంతట జరుగు పనియంతయు దోషము కాదని చెప్పుటకు మహానంది కోనేరే సాక్షి. గర్భగుడి క్రిందినుండి పుట్టిన ఊట నిరంతరము కోనేటిలోనికి వచ్చుచుండును. వచ్చిన నీరు వచ్చినట్లే తూముల ద్వారా వెలికి పోవుటచే లోతు ఎప్పుడును ఒకే మట్టమున నుండును; అడుగున పడిన నాణెము కూడ కనుపించునంత తేట. వెలికి పోయిన నీరు దిగువ వరిమళ్లను, అరటితోటలను తడుపును. ఏ మనుష్యుడును రాత్రింబవళ్లు కావలి కూర్చుండి మట్టమును సరిదిద్దుటలేదు. అయినను నీరు వచ్చు దారి తెలియును, పోవు దారి తెలియును. తూము మూసికొనిపోయినచో మెట్టుమీద కూర్చున్న వృద్ధురాలు సైతము పసిగట్టును. ఫర్మ్‌వేరు మార్పులకు ఇట్టి తేటదనము లేదు. "లోపములు సవరించి మెరుగుపరచితిమి" అను ఒక్క వాక్యమే చాల సంస్థలు ప్రకటించుచున్నవి. ఏ లోపము? ఏ మెరుగు? ఏమి తగ్గినది? చెప్పరు.

ఈ విషయమున ఐరోపా సమాఖ్య 2019లో చేసిన 771వ సంఖ్య శాసనము పరిశీలింపదగినది. వస్తువు సరిగా, సురక్షితముగా పనిచేయుటకు వలసిన అప్‌డేట్లను కొనుగోలుదారునికి తెలియజేసి, అందించుట అమ్మినవాని బాధ్యత యని అది చెప్పుచున్నది. దానిని ఎక్కించుకొనుటయు మానుటయు కొనుగోలుదారుని స్వేచ్ఛ యని శాసన పీఠిక స్పష్టపరచుచున్నది. చెప్పిన తరువాతను ఎక్కించుకొననివాడు, ఆ లోపమువలన వచ్చిన చెడునకు అమ్మినవానిని నిందింపరాదు. ఎంత చక్కని పంపకము! అధికారముతో పాటు పూచీయు వినువానికే. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము కలదు. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల శాఖ మరమ్మతు హక్కునకై ఒక పోర్టలును తెరచినది. చెడిన వస్తువును బాగు చేయించుకొనుటకు అది తోడ్పడును. చెడని వస్తువును మార్చకుండ నిలుపుకొనుట దాని తరువాతి మెట్టు. ఆ మెట్టును గూర్చిన చర్చ మన యిండ్లలోనే మొదలు కావలెను. భద్రతకై చేయు సవరణను, సొగసుకై చేయు మార్పును వేరువేరు మూటలుగా కట్టి పంపుడని అమ్మువారిని అడుగుట అన్యాయమైన కోరిక కాదు. మొదటిదానిని వెంటనే పుచ్చుకొందుము. రెండవదానిని చూచి పుచ్చుకొందుము.

అంతవరకు ఇంటింట చేసికొనదగిన పనులు కొన్ని కలవు. హెడ్‌ఫోను కొన్ననాడే ఫోను సెట్టింగులలోనో, సంస్థవారి యాప్‌లోనో ఫర్మ్‌వేర్ సంఖ్యను చూచి, రసీదు వెనుక తారీఖుతో వ్రాసి యుంచుడు. సోనీవంటి కొందరి యాప్‌లో అప్‌డేటు తనంతట దిగుమతి కాకుండ ఆపు మీట కలదు. దానిని వెదకి చూడుడు. ఆపినవారు నెలకొకసారి తామే తెరచి, భద్రతా సవరణ వచ్చినదేమో చూచుకొనవలెను. ఒకనాడు ధ్వని తగ్గినట్లు, హోరు పెరిగినట్లు తోచినచో వెంటనే సంస్థను తిట్టనక్కరలేదు. చెవి గులిమి పట్టి వలజల్లెడ మూసికొనిపోవుటయే తరచు కారణము. మెత్తని పొడి బ్రష్షుతో దానిని శుభ్రము చేసి, రబ్బరు తొడుగు సరిగా కూర్చున్నదా యని చూచి, అప్పటికిని తేడా నిలిచినచో రసీదు వెనుకనున్న సంఖ్యను తీసి నేటి సంఖ్యతో సరిపోల్చుడు.